వార్త సరే, చెప్పిందెవరు?

ఎన్నికల వేళైనా, ఉద్రిక్తతల వేళైనా నేడు రాజకీయ వాదన ఫోను ద్వారా మన ఇళ్లలోకి వచ్చేస్తోంది. ఒకరు వీడియో పంపితే, మరొకరు దానికి జవాబుగా ఇంకో వార్త పంపుతారు. వాదనలో నెగ్గాలన్న తొందరలో అది నిజమా, కాదా అని చూసేవారు తక్కువ. ఈ విషయంలో మన ధర్మం ఏమి నేర్పిందో తెలుసుకుందాం.

విచారించమన్నది దైవాజ్ఞ

దుర్మార్గుడు (ఫాసిఖ్) తెచ్చిన వార్తను విచారించకుండా నమ్మవద్దని దివ్య ఖుర్ఆన్ (హుజురాత్: 6) ఆదేశిస్తోంది. అలా నమ్మితే అమాయకులకు హాని జరుగుతుందనీ, ఆపై పశ్చాత్తాపమే మిగులుతుందనీ హెచ్చరిస్తోంది. విన్నదల్లా ఇతరులకు చెప్పేవాడు అబద్ధాలకోరు కావడానికి ఆ ఒక్క గుణమే చాలని దైవప్రవక్త (స) బోధించారు (ముస్లిం).

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న పుకారు ఫోన్లలో వ్యాపించింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఆ పుకారు నమ్మిన గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ ప్రాణం తీసింది. పశ్చాత్తాపం పోయిన ప్రాణాన్ని తిరిగి తెస్తుందా?

ఫిత్నా కాలం నేర్పిన పాఠం

హిజ్రీ 35 (క్రీ.శ. 656)లో హజ్రత్ ఉస్మాన్ (రజి) షహీద్ అయ్యారు. ఆపై ముస్లింల మధ్య రాజకీయ కల్లోలం (ఫిత్నా) చెలరేగింది. తమ పక్షాన్ని పొగుడుతూ, ఎదుటి పక్షాన్ని దూషిస్తూ ప్రవక్త (స) పేరిట మాటలు కల్పించేవారు బయలుదేరారు. హిజ్రీ 110లో మరణించిన ఇమామ్ ఇబ్నె సీరీన్ (రహ్మలై) చెప్పిన ప్రకారం, అంతకుముందు ఇస్నాద్ (ఉల్లేఖకుల పరంపర) గురించి ఎవరూ అడిగేవారు కాదు. ఫిత్నా తలెత్తిన తర్వాతే, చెప్పినవారి పేర్లు అడగడం మొదలైంది. అంటే వాదన ఎంత వేడెక్కితే విచారణ అంత గట్టిపడాలి. మనమేమో వేడి పెరిగినప్పుడే విచారణ వదిలేస్తున్నాం!

మనవాడికీ, పరాయివాడికీ ఒకే తూకం

ఇమామ్ బుఖారీ గురువైన అలీ బిన్ మదీనీ (రహ్మలై)ని ఆయన సొంత తండ్రి ఉల్లేఖనాల గురించి అడిగారు. ఇది ధర్మానికి సంబంధించిన విషయమని, తన తండ్రి బలహీన (జయీఫ్) ఉల్లేఖకుడని ఆయన తేల్చి చెప్పారు. మరోవైపు ఇమ్రాన్ బిన్ హిత్తాన్ ఖారిజీ వర్గీయుడు. హజ్రత్ అలీ (రజి) హంతకుణ్ణి పొగిడిన కవి. అయినా అతని ద్వారా వచ్చిన ఉల్లేఖనాన్ని ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన సహీహ్‌లో చేర్చారు. అతని సిద్ధాంతం తప్పే, కానీ మాట విషయంలో సత్యసంధుడని హదీసువేత్తలు గుర్తించారు. అదే సమయంలో, తన వర్గ ప్రచారకుడు ఆ వర్గానికే లాభం చేకూర్చే మాట చెబితే దాన్ని స్వీకరించడానికి చాలామంది హదీసువేత్తలు నిరాకరించారు.

కాబట్టి 'అతను మనవాడేనా?' అన్నది ప్రశ్న కాదు. అతను నిజం చెప్పేవాడేనా? ఈ మాట వల్ల అతనికి లాభమేమిటి? ఇవీ అడగవలసిన ప్రశ్నలు.

మనం పాటించవలసినవి

1. ఈ మాట మొదట ఎవరన్నారు? పేరు లేని సందేశం పరంపర లేని ఉల్లేఖనం వంటిది.
2. చెప్పినవాడు స్వయంగా చూశాడా, విన్నాడా? వీడియో ఏ ఊరిది, ఏ సంవత్సరానిది?
3. విశ్వసనీయులైన ఇతరులు దాన్ని ధృవీకరించారా, ఖండించారా?
4. భయం కలిగించే వార్త అయితే, దాన్ని పరిశీలించగలిగే బాధ్యుల దృష్టికి తీసుకువెళ్లాలి (నిసా: 83).
5. మనం పంపింది అబద్ధమని తేలితే, ఎవరెవరికి పంపామో వారందరికీ ఆ సంగతి తెలపాలి.

2018 జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి ప్రకటించింది. యంత్రం పెట్టే హద్దు కన్నా ఈమాన్ పెట్టే హద్దు గట్టిది కావాలి. మన నాలుకతో పాటు మన వేళ్లు పంపినది కూడా కర్మల పత్రంలో నమోదవుతుందని మరువరాదు.

సత్యాన్ని సత్యంగా గుర్తించే వివేకాన్ని, మనవారి తప్పును కూడా తప్పు అనగలిగే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.