బెజవాడ ఏసీ మెకానిక్‌కి ఆన్‌లైన్ చిరునామా

సొంతంగా పని మొదలుపెట్టినవాళ్లకి చాలాసార్లు కస్టమర్ కన్నా ముందు వెబ్‌సైట్ చేసిపెడతామనేవాళ్ల ఫోన్ వస్తుంది. అయిదు పేజీలు, లోగో, కదిలే బొమ్మలు, 'మా విజన్', అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. సరే అనేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మనతో పనిపడ్డ మనిషి ఆ నిమిషంలో ఫోన్‌లో ఏం తెరుస్తాడు? ఏది ముందు చేసుకోవాలో, ఏది ఆగినా ఫర్వాలేదో దాన్నిబట్టే తెలుస్తుంది. గాల్లో చెబితే పట్టుబడదు కాబట్టి ఒక పనిని పట్టుకుని చివరిదాకా వెళ్దాం. కంపెనీ సర్వీస్ సెంటర్లో కొన్నేళ్లు చేసి, పటమటలో సొంతంగా ఏసీ రిపేర్ పెట్టుకోబోతున్న మెకానిక్ అనుకోండి. షాపు లేదు. బండి, జెట్ పంపు, గ్యాస్ సిలిండర్, ఒక హెల్పర్ ఉన్నారు.

ముందు కస్టమర్‌ని ఊహించుకోవాలి. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఇండోర్ యూనిట్లోంచి గోడమీదకి నీళ్లు కారుతున్నాయి. ఆ ఇంటావిడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "ఎవరిదగ్గరైనా మంచి ఏసీ మెకానిక్ నంబర్ ఉంటే పెట్టండి" అని అడుగుతుంది. జవాబు రాకపోతే గూగుల్లో 'ఏసీ రిపేర్ నియర్ మీ' అని కొడుతుంది. మ్యాప్ కింద కనిపించిన రెండు మూడు పేర్లలో స్టార్లు చూసి ఫోన్ చేస్తుంది. ఆ ఉక్కపోతలో ఎవరి వెబ్‌సైటూ తెరిచి చదవదు. కాబట్టి ఈ పనికి గూగుల్ మ్యాప్ ముందు, వాట్సాప్ తర్వాత, సైట్ ఆఖర్న.

ఇదే వరస అందరికీ నప్పదు. పెళ్లి బ్లౌజులకి మగ్గం వర్క్ చేసేవాళ్లకైతే ఇన్‌స్టాగ్రామే షోకేసు; అక్కడ మనిషి వారాల తరబడి ఫోటోలు చూసి మనసు పారేసుకున్నాకే ధర అడుగుతుంది. లాయర్లది ఇంకో దారి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన 36 ప్రకారం ప్రకటనలిచ్చుకోకూడదు. 2008లో చేసిన సవరణతో పేరు, చిరునామా, అర్హతలు, చూసే కేసుల రకం లాంటి పరిమిత వివరాలతో వెబ్‌సైట్ పెట్టుకునే వీలు దొరికింది.

మన మెకానిక్ దగ్గరికొద్దాం. మొదటి పని కొత్త సిమ్. ఇంటి నంబరూ వ్యాపారం నంబరూ ఒకటే అయితే రేపు ఫోన్ హెల్పర్ చేతికిచ్చే వీలుండదు. ఈ నంబర్ బండిమీద, బిల్లుమీద, మ్యాప్‌లో, అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. మధ్యలో మార్చకూడదు.

తర్వాత గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. దీనికి పైసా కట్టక్కర్లేదు. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ లిస్టింగ్ తీసేస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, ఓటీపీ మాత్రం చెప్పకండి. పేరు పెట్టేటప్పుడు ఆశ పుడుతుంది: 'బెస్ట్ ఏసీ రిపేర్ విజయవాడ పటమట బెంజ్ సర్కిల్' అని ఊరంతా కలిపి రాసేయాలని. గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు; ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైలే ఆగిపోవచ్చు. బండిమీద, బిల్లుమీద ఉన్న పేరే ఇక్కడా ఉండాలి. ఏం పని చేస్తారో చెప్పడానికి వేరే గడి ఉంది, అందులో ఏసీ రిపేర్ సర్వీస్ అన్న విభాగం ఎంచుకుంటే చాలు.

షాపు లేదు కనక ఇంటి చిరునామా దాచిపెట్టి, వెళ్లే ప్రాంతాలు ఇవ్వొచ్చు. ఇరవై దాకా ఇవ్వనిస్తారు, మొత్తం కలిపి బయల్దేరేచోటు నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం దాటకూడదంటారు. అలాగని గుంటూరు, ఏలూరు కూడా పెట్టుకోవడం అత్యాశ. పటమట, కానూరు, పోరంకి, గొల్లపూడి, తాడేపల్లి చాలు. దూరం, వెతికిన పనితో పొంతన, ఎంత పేరుందన్నది, ఈ మూడింటిని చూసి గూగుల్ ఎవరిని పైన చూపించాలో తేలుస్తుంది. కాబట్టి జాబితాలో దూరపు ఊరు చేర్చినంత మాత్రాన అక్కడ పైకి రారు.

వెరిఫికేషన్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. కట్ చేయకుండా ఒకే బిగిన తీయాలి. వీధి పేరున్న బోర్డు చూపించి, బండిమీది పేరు చూపించి, తాళం తీసి లోపలున్న జెట్ పంపు, మానిఫోల్డ్ గేజ్, బిల్లు పుస్తకం చూపిస్తే సరిపోతుంది. ఇక్కడ పనిచేస్తున్నది మీరేనని వాళ్లకి తెలియాలి. ఆధార్, బ్యాంకు నంబర్లు, మనుషుల మొహాలు వీడియోలో పడనివ్వకండి. ఒకసారి తిప్పికొడితే మళ్లీ తీయాల్సిందే. అందుకే ఇదంతా జనవరిలోనే మొదలుపెట్టాలి. ఏప్రిల్లో ఎండలు ముదిరాక ప్రొఫైల్ చేసుకుంటే సీజన్ సగం రివ్యూలు లేకుండానే గడిచిపోతుంది.

వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లో వచ్చింది. ఇదీ ఉచితమే. కొత్త సిమ్‌ని దీనిమీదే పెట్టండి. ఒకే నంబర్ మామూలు వాట్సాప్‌లోనూ ఇందులోనూ రెండింట్లో నడవదు. పనివేళలు, ధరలతో కేటలాగ్ పెట్టుకున్నాక అసలు ఉపయోగం క్విక్ రిప్లైలది. ఒకసారి రాసిపెట్టుకుని, నిచ్చెనెక్కి ఉన్నప్పుడు కూడా ఒక్క నొక్కుతో పంపొచ్చు. ఇలా ఉంటే బాగుంటుంది:

"నమస్తే అండీ. ఏసీ ఏ కంపెనీది, ఎన్ని టన్నులు, స్ప్లిట్టా విండోనా చెప్పగలరా? వీలైతే ఔట్‌డోర్ యూనిట్ మీదున్న స్టిక్కర్ ఫోటో, మీ లొకేషన్ పెట్టండి. వచ్చి చూసే ఛార్జీ వేరు, రిపేర్ మాతో చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తాం."

ఆ స్టిక్కర్ ఫోటో అడగడంలోనే పనితనం ఉంది. అందులో గ్యాస్ ఆర్-32నా, ఆర్-410ఏనా, పాత యూనిట్ అయితే ఆర్-22నా అన్నది ఉంటుంది. బయల్దేరేముందే సరైన సిలిండర్ బండిలో పడుతుంది. కస్టమర్‌కి కూడా ఇతనికి పని తెలుసన్న నమ్మకం అక్కడే మొదలవుతుంది. మెరిసే వెబ్‌సైట్ కన్నా ఈ ఒక్క మెసేజ్‌కే నా ఓటు.

రివ్యూ అడగడానికీ ఒక సమయం ఉంది. పని అయిపోయి, ఏసీ వేసి, గదిలో చల్లదనం తెలుస్తున్నప్పుడు "అమ్మా, ఎలా చేశామో మీకు తోచింది రెండు ముక్కలు రాయండి, లింకు పంపిస్తున్నా" అనాలి. మర్నాడు అడిగితే ఎవరూ రాయరు. రివ్యూకి డిస్కౌంట్ ఇస్తామనడం, బావమరుదుల చేత అయిదేసి స్టార్లు కొట్టించడం గూగుల్ ఒప్పుకోదు. అన్నీ ఒకే రోజు పడ్డ పొగడ్తలు చూస్తే కస్టమర్‌కీ అనుమానమే. చెడ్డ రివ్యూ వస్తే వాదనకి దిగకుండా, ఏం జరిగిందో, మళ్లీ ఎప్పుడొస్తారో అక్కడే జవాబు రాయండి.

లీడ్స్, అంటే పని కావాలన్నవాళ్ల నంబర్లు, అమ్మే యాప్‌లు, కమిషన్ మీద పనిచ్చే యాప్‌లు కూడా ఉన్నాయి. ఖాళీగా ఉండే నెలల్లో పనికొస్తాయి. కొన్నిచోట్ల ఒకే కస్టమర్ నంబర్ నలుగురికీ వెళ్తుంది కాబట్టి డబ్బు కట్టేముందు ఆ సంగతి అడగండి.

ఇక వెబ్‌సైట్. నీళ్లు కారుతున్న ఇంటికి అది అక్కర్లేదు కానీ, ముప్పై ఏసీలకి ఏడాది కాంట్రాక్ట్ ఇచ్చే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి, క్లినిక్‌కి, చిన్న ఆఫీసుకి కావాలి. వాళ్లు కొటేషన్ తీసుకుని కమిటీలో పెట్టి, పేరు వెతికి చూసుకుంటారు. అలాంటి పని పట్టాలనుకున్నప్పుడు సైట్ చేయించండి, ఒక్క పేజీ చాలు. పైన నొక్కితే ఫోన్ కలిసే నంబర్, కింద చేసే పనులు, వెళ్లే ప్రాంతాలు, ఏడాది కాంట్రాక్ట్‌లో ఏమేం వస్తాయో, సొంతంగా తీసిన ఫోటోలు. ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ మెకానిక్ బొమ్మ పెట్టారంటే పరువు పోతుంది.

డొమైన్ పేరు ఫోన్లో చెబితే అవతలివాళ్లు తప్పులేకుండా రాసుకోగలగాలి. 'శ్రీలక్ష్మి'తో మొదలయ్యే పేరైతే ఎస్-ఆర్-ఐ అనా, డబుల్ ఈ అనా, మధ్యలో హెచ్ ఉందా, లక్ష్మికి ఎక్స్ వస్తుందా అని ప్రతిసారీ పంచాయితీ. డాట్ ఇన్ దొరికితే తీసుకోండి. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లూ ఉన్నాయి, ముచ్చటగానే ఉంటాయి, అయితే టైప్ చేసి వచ్చేవాళ్లు తక్కువ. కొన్నది ఎవరైనా రిజిస్ట్రేషన్ మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో ఉండాలి. చేసిపెట్టినవాడి పేరుమీద ఉంటే వాడితో మాట తేడా వచ్చిన రోజు మీ చిరునామా మీది కాదు. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోక రెన్యువల్ ధర అడగండి. ఉచితంగా వచ్చిందాన్ని నమ్ముకోవడమూ కష్టమే: ప్రొఫైల్‌తోపాటు గూగుల్ ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి, జూన్ 10 తర్వాత ఆ లింకులు ప్రొఫైల్‌కి కూడా తీసుకెళ్లలేదు. వాటిని విజిటింగ్ కార్డులమీద అచ్చేయించుకున్నవాళ్లు మళ్లీ అచ్చేయించుకోవాల్సి వచ్చింది.

చివరి పని బిల్లు పుస్తకంలో. ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ "మా నంబర్ ఎక్కడ దొరికిందండీ?" అని అడిగి బిల్లు వెనక ఒక్క ముక్క రాసుకోండి: మ్యాప్, గ్రూపు, వాచ్‌మన్, సైట్. జూన్ చివర లెక్కేస్తే ఎక్కువమంది వాచ్‌మన్ చెబితే వచ్చారని తేలిందనుకోండి, ఈ ఏడాదికి సైట్ మాట పక్కనపెట్టి, ఆ డబ్బుతో నంబరున్న స్టిక్కర్లు వేయించి సర్వీస్ చేసిన ప్రతి ఔట్‌డోర్ యూనిట్‌కీ అంటించండి.