వలస పిల్లలు – మన సర్వేలు

రసాయనశాలలో లవణ విశ్లేషణ చేసేటప్పుడు ఆ లవణాన్ని మనం అనుమతి అడగం. పరీక్షనాళికలో వేస్తాం, వేడి చేస్తాం, ఫలితం రికార్డులో రాసుకుంటాం. మనుషుల దగ్గరికి నోటుపుస్తకం పట్టుకొని వెళ్లినప్పుడు కూడా మనకి ఆ అలవాటే వస్తుంది. అది ఎంత ప్రమాదమో నాకు క్రిందటి సార్వా నాట్లప్పుడు తెలిసివచ్చింది.

మన డెల్టాలో నాట్లకి కొన్నేళ్లుగా పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతున్నాయి. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ వస్తారు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి ఈ పిల్లల చదువునే అంశంగా తీసుకొని నేను మా చేలోకే వెళ్లాను. నాన్నగారు సరేనన్నారు. మేస్త్రీ సరేనన్నాడు. ముఠాలో చిన్నగా కనిపించిన ఒక అమ్మాయిని మేస్త్రీ చేతే పేరు, వూరు, వయస్సు అడిగించాను. ఆ పిల్ల అతని మొహంకేసి చూసి పద్దెనిమిది అని చెప్పింది. రాసుకున్నాను. మర్నాడు ఆమె నాట్లకి రాలేదు. అడిగితే, "కాగితాల మీదకి ఎక్కితే మనకెందుకు బాబూ గొడవ" అన్నాడు మేస్త్రీ.

14 ఏళ్ల లోపు పిల్లల్ని కూలికి పెట్టుకోకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. అంచేత వయస్సు అడగడం నాకు ఒక గడి నింపుకోవడం, ఆ పిల్లకి కూలి పోవడం. పైగా ఆ పద్దెనిమిది నిజమని నాకే నమ్మకం లేదు. ఇటు మనిషికి నష్టం, అటు శాస్త్రానికీ లాభం లేదు.

ఇంతకీ నాకు అనుమతి ఇచ్చిందెవరు? పొలం యజమాని, మేస్త్రీ. ఆ పిల్లా కాదు, ఆమె కన్నవాళ్లూ కాదు. కూలి ఇచ్చే ఆసామి కొడుకు అడిగితే చెప్పనని అనగలదా?

పెద్ద పరిశోధనల్లోనూ ఇదే జరిగింది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకాను ఒక ప్రయోగాత్మక పథకం కింద 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేశారు. వారిలో ఎందరో అమ్మానాన్నలకు దూరంగా హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలు. 2010లో ఆ పథకాన్ని నిలిపివేశారు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. కన్నవాళ్లు దగ్గర లేని పిల్ల తరపున, ఆ పిల్ల మీద పెత్తనం ఉన్నవాళ్లు తలూపారు. మా గట్టు మీద జరిగిందీ అదే.

భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శక సూత్రాల ప్రకారం తల్లిదండ్రుల అంగీకారం ఒక్కటే చాలదు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల దగ్గర నోటిమాటగా, 12 దాటి 18 లోపు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. మన చిన్న సర్వేలకి ఇందులో పాఠం ఉంది. మేస్త్రీని దుబాసీగా పెట్టకూడదు. ఆ భాష వచ్చిన బయటి మనిషిని తీసుకెళ్లాలి. "ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, నీ కూలికి ఏమీ కాదు" అని ముందే చెప్పాలి, ఆ మాట యజమాని చేత కూడా ఒప్పించాలి. అవసరం లేకుండా పేరూ వూరూ రాయకూడదు. రహస్యంగా ఉంచుతామంటూనే, ప్రాణానికి ముప్పని తెలిస్తే మాత్రం 1098కి చెబుతామని కూడా ముందుగానే చెప్పాలి.

మిత్రులారా, నా రిపోర్టులో ఆ అమ్మాయి వరస కొట్టేశాను. అలా కొట్టేసినంత మాత్రాన ఆమె కూలి తిరిగి రాదు. ఈసారి ప్రాజెక్టుకి వెళ్లే జూనియర్లు నోటుపుస్తకం తెరిచే ముందు, కాదనడానికి ఆ పిల్లకి వీలుందో లేదో చూసుకోవాలని నా మనవి.