కుండీలో జోడు మొక్కలు: పొత్తు కుదిరేవి, కుదరనివి

సూరత్‌కు ఉత్తరాన, భరూచ్ వైపు పోయే ప్రధాన రైలు మార్గంపై కిమ్ అనే ఊరు ఉన్నది. చుట్టూ నల్లరేగడి నేల, చెరకు పొలాలు. ఊరికి చేరువలోనే వస్త్ర పరిశ్రమల షెడ్లు. తెలంగాణ జిల్లాల నుండి సూరత్ ప్రాంతపు మరమగ్గాల పనికి తరలివెళ్ళి స్థిరపడిన నేత కుటుంబాల సంగతి మీరెరిగినదే. అద్దె ఇంట కాపురముండే అటువంటి కుటుంబానికి పెరడు ఎక్కడిది? మిద్దె మీద నాలుగడుగుల చోటు, మెట్ల ప్రక్కన మరి రెండడుగులు, అదే తోట. ఇంటి గోంగూర, ఇంటి కరివేపాకు తినవలెనన్న కోరికతో తొట్లు కొంటారు. వేసవి దాటేసరికి పెక్కు తొట్లలో మట్టి మాత్రమే మిగులుతుంది. నీరు చాలలేదని అనుకొంటారు. నీటి కొరత కంటె ఎక్కువగా, పొత్తు కుదరని మొక్కలను ఒకే కుండీలో చేర్చడమే ఈ నష్టానికి కారణమవుతుంది.

నేలలోని మొక్కకు దాహమైతే వేరు తడి ఉన్న వైపునకు సాగుతుంది. కుండీలోని వేరుకు ఆ స్వేచ్ఛ లేదు. కావున ఒక కుండీలో కాపురం పెట్టదలచిన రెండు మొక్కలకు దాహం, ఎండ అవసరం, వేరు లోతు, కోతకు వచ్చే కాలం అనే నాలుగింటిలో పొంతన చూడవలెను. మొదటి రెండింటిలో అవి ఏకీభవించవలెను. తరువాతి రెండింటిలో భేదించినచో మరింత మేలు. ఒకటి పైపైన వేరూని త్వరగా కోతకు వచ్చి తొలగిపోతే, లోతుగా వేరూనే రెండవది నిదానంగా పెరిగి ఆ చోటును ఆక్రమించుకొంటుంది.

కలబంద, పుదీనా కలిపి నాటిన తొట్లు అందముగానే కనిపిస్తాయి. పుదీనా తడి నేలను కోరుతుంది, కలబంద ఆరిన నేలను కోరుతుంది. రోజూ నీరు పోస్తే కలబంద మొదలు కుళ్ళుతుంది. వారానికొకసారి పోస్తే పుదీనా మాడిపోతుంది. కొన్నవారు ఎంత శ్రద్ధ చూపినా ఈ జోడు నిలువదు. పుదీనాకు మరొక గుణము కూడ ఉన్నది: వేరు పిలకలతో కుండీనంతటినీ కమ్ముకొంటుంది. దానికి విడిగా ఒక వెడల్పాటి తొట్టి ఇవ్వడమే క్షేమం.

లోతు విషయంలో ఈ కొలతలు చాలును. మెంతి, కొత్తిమీర, పాలకూరలకు 15 నుండి 20 సెంటీమీటర్లు. టమాటా, వంగ, మిరప, గోంగూరలకు 30. బీర, కాకర, చిక్కుడు వంటి తీగలకు, కరివేపాకునకు 45 సెంటీమీటర్లు. అయితే లోతుతోబాటు బరువు పెరుగుతుందని మరువరాదు. తడిసిన మట్టి లీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది. 200 లీటర్ల పీపాను రెండుగా కోసి నింపినచో ఒక్కొక్క ముక్క 150 కిలోలకు వస్తుంది. అటువంటివి గోడలపైన, దూలాలపైన వచ్చేట్టు అమర్చవలెను. మిద్దె నడుమ ఉంచరాదు. ఇంటి యజమానిని ముందుగా అడుగుట మంచిదని వేరుగా చెప్పనక్కరలేదు.

కిమ్ పరిసరాల నల్లరేగడి పొలంలో బంగారమే గాని, కుండీలో ఒంటరిగా పనికిరాదు. తడిస్తే బిగిసి నీటిని నిలుపుతుంది, ఆరితే బీటలు వారి వేళ్ళను తెంపుతుంది. రేగడి ఒక వంతు, మాగిన పశువుల ఎరువు ఒక వంతు, ఇసుక గాని కడిగిన కొబ్బరి పొట్టు గాని ఒక వంతు కలుపవలెను. దక్షిణాన ప్రక్కనే ఉన్న సాయణ్‌లో సహకార చక్కెర కర్మాగారం ఉన్నది. చెరకు రసం వడకట్టగా మిగిలే ప్రెస్‌మడ్డి మంచి ఎరువే, కాని పచ్చిగా వాడరాదు. వేడెక్కి వేళ్ళను కాలుస్తుంది. కుప్పవేసి, తడుపుతూ, పూర్తిగా చల్లబడి మట్టి వాసన వచ్చేవరకు మాగనిచ్చి వాడవలెను.

ఖంభాత్ సింధుశాఖ ఈ ప్రాంతానికి దూరం కాదు. బోరునీటిలో ఉప్పదనం ఉన్నచోట కుండీ అంచున తెల్లని పొర పేరుకొంటుంది. పాలకూర, గంగవాయిలకూర ఆ ఉప్పును చాలవరకు ఓర్చుకొంటాయి; చిక్కుడు ఓర్వదు. పాలకూర పచ్చగా ఉన్నదని చూచి అదే నీటిని చిక్కుడుకు పోయరాదు. అడుగు రంధ్రం నుండి ధారాళంగా కారేవరకు అప్పుడప్పుడు మంచి నీటితో కుండీని కడుగవలెను.

ఋతువును బట్టి జోడు

ఈ ప్రాంతంలో ఏటా సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షం, అదీ దాదాపు అంతా జూన్ నుండి సెప్టెంబరు లోపల కురుస్తుంది. మిగతా ఎనిమిది నెలలు మీ చేతి నీరే ఆధారం.

వానలు స్థిరపడగానే 50 లీటర్ల తొట్టిలో సూరతీ పాపడి అనే చిక్కుడు వేయవచ్చును. పందిరి చిక్కుడు సాధారణంగా పగటికాలం తగ్గిన తరువాతనే పూత పట్టుతుంది. జూలైలో వేసినా కాపు చలికాలపు మాటే. ఎరువు ఎక్కువ వేసి తొందరపెట్టినచో ఆకు పెరుగుతుంది గాని కాయ రాదు. విత్తిన నాడే తొట్టి అంచున తోటకూర చల్లండి. తీగ పందిరి ఎక్కి నీడ పరచేలోపల, 25, 30 రోజులలో, తోటకూర వంటింటికి చేరుతుంది. చలికాలంలో సూరతీలు ఇష్టముగా వండుకొనే ఉంధియుకు ఈ పాపడి ముఖ్యము. పచ్చి వెల్లుల్లి ఆకు కూడ అందులో పడుతుంది. అక్టోబరు, నవంబరులలో వెల్లుల్లి రెబ్బలను వేరొక లోతు తక్కువ తొట్టిలో అరచేతి వెడల్పు దూరాన గ్రుచ్చినచో ఆకు మీకూ, ఇరుగుపొరుగు వారికీ వస్తుంది. పొరుగువారు ఏమి వండుకొంటారో తెలిసి మొక్కను ఎన్నుకొనడం అమ్మేవారికి సగం వ్యాపారం.

గోంగూరను వానాకాలపు ఆరంభంలో ఒంటరిగానే వేయండి. చలి రాగానే పూతకు దిగి ఆకు తగ్గుతుంది. కరివేపాకు కూడ ఒంటరి మొక్కయే. చలికాలంలో అది మందగిస్తుంది గనుక నీరు తగ్గించవలెను. ఆ సమయంలో దాని మొదట మెంతి వేసి రోజూ తడిపితే పెద్ద మొక్కకు చేటు.

చలికాలానికి తగిన జోడు టమాటా, మెంతి. 20 లీటర్ల కుండీ నడుమ టమాటా నారు, అంచున మెంతులు ఒకే రోజున వేయవచ్చును. మెంతిని నెల రోజులలో కత్తెరతో కోయవలెను. పీకినచో టమాటా వేరు కదులుతుంది. మిరప, కొత్తిమీర కూడ ఇట్లే కలుస్తాయి. కాని టమాటా తీసిన మట్టిలో వెంటనే వంగ, మిరప వేయరాదు. మూడును ఒకే కుటుంబపు మొక్కలు, రోగాలు కూడ ఉమ్మడివే. ఆ మట్టిలో ఒక దఫా ఒత్తుగా బంతి పెంచి తీసివేస్తే వేరుపురుగుల బెడద తగ్గుతుంది. టమాటా ప్రక్కన ఒక్క బంతి మొక్క పెట్టినంత మాత్రాన పురుగులన్నీ పారిపోతాయన్న మాట నమ్మదగినది కాదు.

వేసవిలో జోడు అనగా ఒకే కుండీ అని అర్థం కాదు. బీర, కాకర పందిరి క్రింద పుదీనా, అల్లం తొట్లను విడివిడిగా ఉంచండి. పైనున్న తీగ ఎండను తీసుకొంటుంది, క్రింది మొక్కలు నీడను అనుభవిస్తాయి.

అప్పు ఎవరికి, ఎందుకు

ఒక కుండీ, మట్టి, ఎరువు, నారు కలిసి 200 రూపాయలైనవనుకొందము. బాగుగా సాగితే టమాటా మొక్క రెండు, మూడు కిలోలు కాస్తుంది. కిలో 30 రూపాయల చొప్పున లెక్కించినా ఒక పంటకు 60 నుండి 90 రూపాయలే. మెంతి కట్టలను కలిపినను పెట్టుబడి తిరిగి రావడానికి రెండు, మూడు పంటలు పట్టును. ఇంటి కూరల కొరకు వడ్డీకి అప్పు తేవద్దని ఈ లెక్కయే చెబుతున్నది. పాత బకెట్టు, నూనె డబ్బాలతో ఆరంభించి, కుదిరిన జోడులనే పెంచుకొంటూ పోవచ్చును.

మొక్కలు అమ్మే దుకాణము సంగతి వేరు. 2015 ఏప్రిల్ 8న ఆరంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజనలో శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వరకు చిన్న వ్యాపారాలకు పూచీకత్తు ఆస్తి లేకుండ రుణం లభిస్తుంది. అయితే మీ సరుకు ప్రాణమున్న సరుకు. ఏప్రిల్, మే నెలలలో అమ్మకం తగ్గి, నీరు, పనివాని ఖర్చు పెరుగుతాయి. కావున వానలకు ముందు సరుకు నింపి, చలికాలపు రాబడితో ఎక్కువ మొత్తం చెల్లించేట్టు వాయిదాల విషయం శాఖ అధికారితో ముందే మాట్లాడుకొనవలెను. కలిపి నాటిన తొట్టిని ఎక్కువ ధరకు అమ్మదలచినచో, ఎన్ని గంటల ఎండ, ఎన్నాళ్ళకొకసారి నీరు, ఏ నెలలో ఏది కోయవలెనో చీటీపై తెలుగులోను, గుజరాతీలోను వ్రాసి కట్టండి. తొట్టి ఎండిపోయినవారు మళ్ళీ మీ గుమ్మం త్రొక్కరు.

జూన్ రాకముందే పందిరి కర్రలు బిగించి, అడుగు రంధ్రాలు మూసుకొనిపోయినవేమో పుల్లతో పొడిచి చూడండి. కుండీల క్రింది పళ్ళాలను వానాకాలమంతా తీసివేయండి. తీయడానికి వీలులేని చోట వారానికొకసారి తప్పక పారబోసి రుద్ది కడుగవలెను. డెంగీ దోమ పెరగడానికి ఆ కొద్దిపాటి నీరే చాలును.