తాళం వేసిన గేటు

ఆఫ్రికా ఖండంలో ఘనా అనే దేశం ఉంది. దాని రాజధాని అక్రా. అది సముద్రపు ఒడ్డున ఉన్న పట్నం. మనలాగే ఘనా వాళ్లు కూడా ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉండేవారు. 1957లో వారికి స్వాతంత్ర్యం వచ్చింది.

అక్రాలో ఒక పెద్ద స్టేడియం ఉంది. అక్కడి జనానికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం.

2001 మే 9వ తేదీ. ఆ రోజు స్టేడియంలో రెండు పెద్ద జట్ల మధ్య పోటీ. ఒకటి అక్రా జట్టు. పేరు హార్ట్స్ ఆఫ్ ఓక్. రెండోది కుమాసీ పట్నం జట్టు. పేరు అసాంటే కొటోకో. వేల మంది చూడటానికి వచ్చారు.

ముందు కొటోకో ఒక గోలు వేసింది. ఆట ఆఖర్లో అక్రా జట్టు రెండు గోల్స్ వేసింది. కొటోకో అభిమానులకు కోపం వచ్చింది. కొందరు కుర్చీలు విరిచారు. సీసాలు విసిరారు.

పోలీసులు జనం మీదికి బాష్పవాయువు వదిలారు. అది కళ్లు మండించే పొగ. అందరూ భయంతో గేట్ల వైపు పరుగెత్తారు.

గేట్లకు తాళాలు వేసి ఉన్నాయి!

ముందున్నవాళ్లు ఆగిపోయారు. వెనకవాళ్లకు ఆ సంగతి తెలీదు. తోస్తూనే ఉన్నారు. పాపం, 126 మంది చనిపోయారు. చాలామంది ఊపిరాడకే పోయారు.

తర్వాత విచారణ జరిగింది. పోలీసులు హద్దు మీరారని విచారణ సంఘం చెప్పింది. ఆరుగురు పోలీసు అధికారుల మీద కేసు నడిచింది. కోర్టు వారిని వదిలేసింది.

ఇప్పుడు స్టేడియం బయట ఒక విగ్రహం ఉంది. ఒక మనిషి మరో మనిషిని మోసుకుపోతూ ఉంటాడు. పోయినవాళ్ల గుర్తుగా దాన్ని పెట్టారు.

కోపం కొందరిది. ప్రాణాలు పోయింది ఎందరివో. గేట్లు తీసి ఉంటే చాలామంది బతికేవారు కదా!

జాతరకు వెళ్లినా, సినిమాకు వెళ్లినా ముందు బయటికి దారి ఎటో చూసుకోవాలి. గోడ మీద రాసి ఉంటే చదవాలి. తలుపుకు తాళం ఉంటే తీయమని అడగాలి. ముందువాళ్లను తోయకూడదు. పిల్లల చెయ్యి వదలకూడదు.

చెప్పండి:
1. జనం బయటికి ఎందుకు పోలేకపోయారు?
2. మీ ఊరి జాతరలో బయటికి ఎన్ని దారులు ఉంటాయి?