గృహక్షేమం – బీమా పరిహారం

ఉద్దేశం

ప్రకృతి వైపరీత్యాల వల్ల ఇంటి కట్టడానికి నష్టం వాటిల్లినప్పుడు బీమా పరిహారం కోరే విధానాన్నీ, అందులో గృహస్థుని హక్కులనూ, బాధ్యతలనూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఈ రెండు కార్యాలూ ఎంతటి శ్రమతో, వ్యయంతో కూడినవో చెప్పడానికి ఈ సామెత ఒక్కటి చాలు. లేనిదానిని పొందడం 'యోగ'మనీ, పొందినదానిని కాపాడుకోవడం 'క్షేమ'మనీ మన ప్రాచీనులు నిర్వచించారు. ఇల్లు కట్టుకోవడం యోగమైతే, దానిని నిలబెట్టుకోవడం క్షేమం. యోగం కోసం జీవితమంతా ధారపోసే సామాన్య గృహస్థుడు క్షేమం విషయంలో తరచుగా ఏమరుపాటుతో ఉంటాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి మహావృక్షాలు నేలకొరిగాయి. విమానాశ్రయ భవనం పైకప్పు దెబ్బతిన్నది. ఎన్నో ఇళ్ళు శిథిలమయ్యాయి. ఇటువంటి విపత్తు వెలిసిన మరునాడు ప్రతి గృహస్థుని ఎదుట నిలిచే ప్రశ్న ఒక్కటే: కూలినదానిని తిరిగి కట్టడానికి ధనం ఎక్కడినుండి వస్తుంది? ఈ ప్రశ్నకు ముందుగా సిద్ధం చేసుకున్న సమాధానమే గృహబీమా.

పదిమంది కొద్దికొద్దిగా కూడబెట్టిన సొమ్ముతో ఆపదలో ఉన్న ఒకనిని ఆదుకోవడం బీమాలోని మూలసూత్రం. 1666లో లండను నగరాన్ని దహించిన మహాగ్నిప్రమాదం తరువాత భవనాలకు అగ్నిబీమా అక్కడ వ్యాప్తిలోకి వచ్చింది. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుండి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ అమలులోకి వచ్చింది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడడం మొదలైన ఆపదల వల్ల కలిగే నష్టం దీని పరిధిలోకి వస్తుంది.

బీమా మొత్తాన్ని నిర్ణయించుకోవడంలో చాలామంది పొరబడుతుంటారు. ఇల్లు అమ్మితే వచ్చే ధర వేరు, అదే ఇంటిని మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు వేరు. మొదటి దానిలో స్థలం విలువ కూడా కలిసి ఉంటుంది. తుపాను గోడను కూలుస్తుంది కాని స్థలాన్ని ఎత్తుకుపోదు. కనుక బీమా మొత్తానికి ప్రమాణం పునర్నిర్మాణ వ్యయమే. పూర్వపు పాలసీలలో 20 లక్షల రూపాయల కట్టడానికి 10 లక్షలకే బీమా చేస్తే, 4 లక్షల నష్టానికి 2 లక్షలు మాత్రమే లభించేవి. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు. అయినప్పటికీ బీమా మొత్తానికి మించి పరిహారం రాదు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇల్లు తుపానులో దెబ్బతిన్నదనుకుందాం. మేడమీది పిట్టగోడ కూలింది. వరండా రేకులు ఎగిరిపోయాయి. చెట్టు విరిగిపడి ముందరి గదిగోడ బీటలువారింది. ఆయన చేయవలసిన మొదటి పని విద్యుత్తు సరఫరాను నిలిపివేసి, ఇంటిల్లిపాదినీ సురక్షిత స్థలానికి చేర్చడం. రెండవది, ఆలస్యం చేయక బీమా సంస్థకు పాలసీ సంఖ్య, నష్టం జరిగిన తేదీ, నష్టం స్వరూపం తెలియజేయడం. మూడవది, శిథిలాలను తొలగించడానికి ముందే వాటిని దూరం నుండీ, దగ్గర నుండీ ఫొటోలు తీయించడం. వాననీరు లోపలికి రాకుండా టార్పాలిన్ కప్పవచ్చు. అటువంటి తాత్కాలిక రక్షణ గృహస్థుని బాధ్యత కూడా. దానికైన ఖర్చుల రసీదులు భద్రపరచాలి. శాశ్వత మరమ్మతులు మాత్రం సర్వేయరు చూచిన తరువాతనే చేపట్టాలి.

క్లెయిమ్ ఫారంతోపాటు పాలసీ ప్రతి, ఆమోదం పొందిన ఇంటి ప్లాను, ఆస్తిపన్ను రసీదు, ఇంజనీరు ఇచ్చిన మరమ్మతుల అంచనా జతచేయడం మంచిది. అంచనాలో గోడ, రేకులు, పిట్టగోడ – దేనికదే కొలతలతో, ధరలతో విడివిడిగా ఉండాలి. శిథిలాల తొలగింపునకు క్లెయిమ్ మొత్తంలో 2 శాతం వరకు, ఇంజనీరు రుసుముకు 5 శాతం వరకు భారత్ గృహ రక్ష కింద అదనంగా లభించే వీలున్నది.

ఫారం నింపుతున్న సమయంలో పొరుగింటాయన వచ్చి ఇలా అన్నాడనుకుందాం: "మాస్టారూ, ఎలాగూ రాస్తున్నారు కదా! వంటింటి గోడలోని ఆ పాత పగులును కూడా తుపాను ఖాతాలో వేసేయండి."

ఉపాధ్యాయుని జవాబు ఇది: "ఆ పగులు నాలుగేళ్ళనాటిది బాబూ! దానిని తుపాను చేసిందని రాస్తే, తుపాను నిజంగా చేసిన నష్టాన్ని కూడా ఎవరూ నమ్మరు."

ఈ మాటలో నీతితోపాటు లోకజ్ఞానమూ ఉన్నది. పాత పగులులో దుమ్ము, పాచి, పాత రంగు చేరి ఉంటాయి. కొత్త పగులు అంచులు శుభ్రంగా, పదునుగా ఉంటాయి. అనుభవజ్ఞుడైన సర్వేయరు ఈ తేడాను సులభంగా గుర్తిస్తాడు. కొత్త కట్టడం కుదురుకునే క్రమంలో సహజంగా ఏర్పడే పగుళ్ళకు, లోపభూయిష్టమైన నిర్మాణం వల్ల నేల కుంగి కలిగే నష్టానికి పాలసీ వర్తించదు. బీమా ఒప్పందానికి పునాది పరస్పర విశ్వాసం. ఒక్క అబద్ధం వల్ల న్యాయంగా రావలసిన పరిహారం సైతం చేజారిపోవచ్చు.

గృహస్థుడు సత్యం చెప్పినట్లే, సంస్థ సకాలంలో స్పందించాలి. 2024లో బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ జారీచేసిన నిబంధనల ప్రకారం సర్వేయరు 15 రోజులలో నివేదిక సమర్పించాలి. అది అందిన 7 రోజులలో సంస్థ తన నిర్ణయం తెలపాలి. ఆ నిర్ణయం అన్యాయమని తోచితే ముందుగా ఆ సంస్థలోని ఫిర్యాదుల విభాగానికే లిఖితపూర్వకంగా విన్నవించుకోవాలి. నెల రోజులలో పరిష్కారం లభించకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారికి ఈ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఇక్కడ రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. వినియోగదారుల కమిషన్ ద్వారం కూడా తెరిచే ఉంటుంది.

'దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో' అన్నది మరొక సామెత. పాలసీని ఆపద రాకముందే చదువుకోవడం, ఇంటి పత్రాల నకళ్ళను మరొక చోట దాచడం, బాగున్న రోజులలోనే ఇంటిని ఫొటో తీసి ఉంచడం – ఇవే ఆ చక్కబెట్టుకోవడం. గాలివానను ఆపడం మనిషి చేతిలో లేదు. అది వెలిసిన తరువాత తన నష్టాన్ని ఉన్నదున్నట్లుగా, ఆధారాలతో నిరూపించుకోవడం మాత్రం అతని చేతిలోనే ఉన్నది.

కఠిన పదాలకు అర్థాలు

ఏమరుపాటు = అజాగ్రత్త
వైపరీత్యం = ఉపద్రవం
శిథిలం = కూలిపోయినది, పాడైనది
లోపభూయిష్టం = లోపాలతో నిండినది

ప్రశ్నలు

1. యోగక్షేమాల భేదాన్ని గృహబీమాకు అన్వయించి వివరించండి.
2. బీమా మొత్తానికి పునర్నిర్మాణ వ్యయం ఎందుకు ప్రమాణమో తెలపండి.
3. పొరుగింటాయన సలహాను ఉపాధ్యాయుడు నిరాకరించడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.
4. తుపానులో దెబ్బతిన్న ఇంటికి పరిహారం కోరుతూ బీమా సంస్థకు లేఖ రాయండి.