మీ కొరకు ప్రార్థించమంటారా?

పాఠ్యభాగములు: మార్కు 10:46–52, యాకోబు 5:13–16



పక్కింట్లో ఎవరికైనా జబ్బు చేసిందని తెలిస్తే ఏమి మాట్లాడాలో మనకు తోచదు. తోటి ఉద్యోగి ముఖము వాడిపోయి ఉన్నా పలకరించి దాటిపోతాము. అటువంటప్పుడు "మీ కొరకు ప్రార్థించమంటారా?" అనే చిన్న మాట మనుషులను దగ్గర చేస్తుంది. అయితే అడగడము ఎంత ముఖ్యమో మేము తప్పు చేసి నేర్చుకున్నాము.

కొన్నేళ్ల క్రితం క్షయకు మందులు వాడుతున్న ఒక సహోదరుని కొరకు కూడికలో ప్రార్థించాము. ఆయన పేరు చెప్పాము, జబ్బు పేరూ చెప్పాము. ఆయనను మాత్రం అడగలేదు. వారం తిరగకముందే ఆ సంగతి ఆయన పనిచేసే చోటికి చేరింది. సిగ్గుతో ఆయన మందులకు రావడం మానేశాడు. క్షయ మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఆ మందులకు లొంగకుండా మొండికేయవచ్చు.

క్షమాపణ అడగడానికి వెళ్లాము. రెండుసార్లు ఆయన బయటికి రాలేదు. మూడవసారి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు ప్రార్థన ఊసెత్తకుండా ఆయన చెప్పినదంతా విన్నాము. తరువాత డాక్టరుగారు మరల పరీక్షలు చేసి మందులు మొదలుపెట్టారు.

మేము నేర్చుకున్నవి ఇవి:

1. ముందు అడగాలి. బర్తిమయి గ్రుడ్డివాడని తెలిసి కూడా, నీకేమి కావాలని యేసు అతనినే అడిగారు. యాకోబు పత్రికలో రోగియే సంఘపెద్దలను పిలిపించుకోవాలి. ఎవరైనా "వద్దండీ" అంటే నొచ్చుకోకూడదు, రాకపోకలు తగ్గించకూడదు. మన కింద పనిచేసేవారు మొహమాటానికి ఒప్పుకోవచ్చు. వారితో మరింత జాగ్రత్త అవసరము.

2. క్లుప్తంగా చేయాలి. వారు చెప్పిన అవసరమునే రెండు మూడు మాటలలో, మెల్లని స్వరముతో చెప్పాలి. అది ప్రసంగము కాకూడదు. వార్డులో పక్క మంచము మీది వారికి నిద్ర కావాలి.

3. గుట్టు కాపాడాలి. "ప్రార్థన అంశము" అనే పేరుతో ఒకరి జబ్బును పదిమందికి చెప్పకూడదు. నమ్మి చెప్పిన హెచ్‌ఐవి సంగతిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టము కూడా నిషేధించింది.

4. మరల వెళ్లాలి. క్యారియరులో అన్నము పట్టుకెళ్లండి. ఓపీ చీటీ కొరకు వరుసలో నిలబడండి. పిల్లలను ఒక పూట చూసుకోండి. "ప్రార్థించాము కదా, మాత్రలు ఎందుకు?" అని ఎన్నడూ అనకండి.

ఈ వారము చేయవలసినది: మీ వీధిలో ఒకరిని, పనిచేసే చోట ఒకరిని తలచుకోండి. వారి దగ్గర కూర్చుని ముందు వినండి. తరువాత, "అక్కా, మీకు ఇష్టమైతే ప్రార్థించమంటారా?" అని అడగండి. వారు సరే అన్నా, వద్దన్నా, వచ్చే వారము మరల వెళ్లి "ఎలా ఉన్నారు?" అని పలకరించండి.