మూలనపడిన యంత్రమునకు మరల ప్రాణము: స్కిడ్ స్టీర్ లోడరుపై ఒక పరిశీలన

యంత్రము రెండు విధములుగా చెడును. పనిచేసి అరిగి చెడుట ఒకటి. పనిలేక నిలిచి చెడుట మరియొకటి. అరిగిన భాగము చప్పుడు చేసి తన జాడ తానే చెప్పును. కాని ఏండ్ల తరబడి వానకు, ధూళికి, ఎలుకలకు వదలివేయబడిన యంత్రము మౌనముగా చెడును. దాని లోపల ఏమి జరిగినదో పైరంగు చెప్పదు. అట్టి యంత్రమును తక్కువ ధరకు కొని పనిలోనికి తెచ్చుకొనగోరువారు మనలో కొందరు కలరు. ఉన్న పొదుపునంతను దానిపై పెట్టువారికి అది జీవనోపాధి ప్రశ్న. అందుచేత ఆ పనిని ఏ క్రమమున చేయవలెనో, ఆ క్రమమునకు కారణములేమో ఈ వ్యాసమున పరిశీలింతము.

ఉదాహరణగా స్కిడ్ స్టీర్ లోడరును తీసికొందము. మన పనివారు దీనిని బాబ్‌క్యాట్ అనియే పిలుతురు. అది నిజమునకు ఒక తయారీదారు పెట్టిన పేరు. వాడుకలో జాతి పేరైనది. ఇరుకు స్థలములలో మట్టి, చెత్త, ఇసుక ఎత్తుటకు మన నగరములలోను, గల్ఫు దేశములలోను దీనిని వాడుదురు. ఒక చిన్న చట్రములో డీజిలు ఇంజను, నూనె పంపులు, గొలుసులు, విద్యుత్తు అన్నియు ఇమిడియుండుటచే విద్యార్థికి ఇది మంచి పాఠ్యపుస్తకము వంటిది.

యంత్రము పుట్టుక

అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున రోత్సే అను చిన్న గ్రామములో సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అను సోదరులకు ఒక కమ్మరి కర్మశాల ఉండెడిది. ఎడ్డీ వెలో అను టర్కీ కోళ్ల పెంపకందారు 1956లో తన సమస్యతో వారి వద్దకు వచ్చెను. అతని కోళ్లశాలలో స్తంభముల నడుమ తిరుగగల, పై అంతస్తు మోయగలిగినంత తేలికైన యంత్రము కావలెను. సోదరులు 1957లో మూడు చక్రముల లోడరును నిర్మించి ఇచ్చిరి. ముందు రెండు చక్రములు త్రిప్పునవి. వెనుకది ఎటు త్రిప్పిన అటు తిరుగు చిన్న చక్రము. 1958లో మెల్రో సంస్థ ఆ రూపకల్పనను స్వీకరించినది. 1960లో నాలుగు చక్రములకును శక్తినందించు ఎం-400 వచ్చినది. 1962లో బాబ్‌క్యాట్ అను పేరు వచ్చినది. ఒక రైతు అవసరము, ఇద్దరు కమ్మరుల నేర్పు కలసి ప్రపంచమంతటను వ్యాపించిన యంత్రజాతికి మూలమైనవి.

నిర్మాణ రహస్యము

ఈ యంత్రమునకు కారువలె మలుపు తిరుగు ముందు చక్రములు లేవు. నాలుగు చక్రములును నిటారుగా బిగింపబడియుండును. ఎడమవైపు రెండు చక్రములను ఒక మోటారు, కుడివైపు రెండింటిని మరియొక మోటారు నడుపును. ఒకవైపు వేగము తగ్గించి మరియొకవైపు పెంచినచో యంత్రము జారుచు తిరుగును. రెండు వైపులను ఎదురెదురుగా నడిపినచో ఉన్నచోటనే బొంగరమువలె తిరుగును.

ఇంజను నేరుగా చక్రములను త్రిప్పదు. అది రెండు పంపులను త్రిప్పును. ఆ పంపులు నూనెను మోటారులకు నెట్టును. మోటారులు గొలుసుల ద్వారా చక్రములను త్రిప్పును. ఆ గొలుసులు చట్రము మధ్యనున్న పెట్టెలో నూనెలో మునిగియుండును. డ్రైవరు చేతిలోని మీటలు పంపునుండి వచ్చు నూనె పరిమాణమును, దిక్కును మార్చును. ఇవిగాక బాహువులను, తొట్టిని లేపుటకు వేరొక పంపు కలదు.

ఇక్కడ పాస్కల్ సూత్రము జ్ఞాపకము తెచ్చుకొందము. మూసిన ద్రవముపై కలుగు పీడనము అన్ని దిక్కులకు సమానముగా ప్రసరించును. 5 సెంటీమీటర్ల వ్యాసము గల ముషలకము వైశాల్యము దాదాపు 19.6 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 100 కిలోల పీడనము దానిపై పడినచో దాదాపు 1,960 కిలోల బలము పుట్టును. ఇట్టి యంత్రములలో పీడనము దీనికంటె ఎక్కువే. గట్టి బరువును లేపు బలము అదే. సన్నని చీలికనుండి వెలువడినచో మనిషి చర్మమును ఛేదించు బలమును అదే.

కొనుటకు ముందు

బేరము కుదుర్చుకొనుటకు ముందు మూడు సంగతులు చూడవలెను. మొదటిది చట్రము. బాహువులు చట్రమునకు కీలుపడు చోట, తొట్టి తగులుకొను చోట పగుళ్లు గాని, పగులును కప్పిన వెల్డింగు గాని ఉన్నవేమో తుడిచి చూడవలెను. రెండవది నూనె. పుల్ల గుచ్చి చూడగా హైడ్రాలిక్ నూనె పాలవలె తెల్లగా ఉన్నచో నీరు కలసినదని అర్థము. నీరు కలసిన నూనెతో ఏండ్ల తరబడి నిలిచిన పంపులు లోపల తుప్పు పట్టియుండవచ్చును. యంత్రము మొత్తములో మిక్కిలి ఖరీదైన భాగములు ఈ పంపులు, మోటారులే. మూడవది నమూనా, క్రమసంఖ్య గల పలక. అది లేనిదే సరియైన విడిభాగములు దొరకుట కష్టము. యంత్రము ధరకు మరమ్మతు ఖర్చు కలిపి, ఆ మొత్తమునకు పనిచేయుచున్న యంత్రమే వచ్చునేమో విచారించిన పిదపనే డబ్బు చేత పట్టవలెను.

చేయి పెట్టుటకు ముందు

ఈ యంత్రమున మనిషి ఆసనము లేచు బాహువుల నడుమ ఉండును. పైకెత్తిన బాహువులను నూనె ఒక్కటే మోయుచున్నపుడు, ఒక గొట్టము తెగినను, ఒక మీట తగిలినను అవి క్షణములో క్రిందపడును. అమెరికాలోని వృత్తిభద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1998లో ఈ యంత్రములవలన కలుగు మరణములపై ప్రత్యేక హెచ్చరికను ప్రకటించినది. కాబట్టి బాహువుల క్రింద పనిచేయవలసివచ్చినచో, తయారీదారు ఇచ్చిన ఇనుప ఆధారమును సిలిండరుకు తగిలించిన పిదపనే తల వంచవలెను. కొయ్యదుంగలను, జాకీలను నమ్మరాదు.

రెండవ జాగ్రత్త కారుడు విషయమున. ఒత్తిడిలోనున్న గొట్టమును చేతితో తడిమి చూడరాదు. అట్టముక్కను దూరమునుండి త్రిప్పి చూచినచో నూనె మరక జాడ చెప్పును. సూదిమొనంత రంధ్రమునుండి వెలువడిన నూనె చర్మములోనికి దూరినపుడు పైన చిన్న చుక్క మాత్రమే కనబడును, నొప్పియు తక్కువే. కాని లోపలి కండరము చనిపోవును. వెంటనే శస్త్రచికిత్స జరుగనిచో చేయి పోగొట్టుకొనవలసి వచ్చును.

మూడవది ఆసనపు పట్టీ, ముందరి అడ్డకడ్డీ, వాటికి కలిపిన తాళములు. పాతయంత్రములలో వీటిని వైరు కట్టి పనిచేయకుండ చేసియుందురు. మరమ్మతులో ముందుగా బాగుచేయవలసినవి ఇవే.

ఇంజను మేలుకొలుపు

యంత్రము ఇంటికి రాగానే తాళము త్రిప్పి చూడవలెనని ఆత్రము కలుగుట సహజము. చాల ఇంజనులు ఆ ఒక్క ఆత్రమువలననే పాడగును. తుప్పుపట్టిన సిలిండరులో ముషలకమును స్టార్టరు బలవంతముగా లాగినచో రింగులు విరుగును. సిలిండరులోనికి నీరు దిగియున్నచో కనెక్టింగ్ రాడ్ వంగును, ఏలయన నీరు గాలివలె నలుగదు.

ఉదాహరణకు 1980 దశకమున విరివిగా అమ్ముడైన బాబ్‌క్యాట్ 743 నమూనాను చూతము. దానిలో కుబోటా వారి నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను ఉండును. అట్టి ఇంజనుకు మొదట గ్లో ప్లగ్గులు విప్పి, ప్రతి సిలిండరులో కొద్దిగా పలుచని నూనె పోసి ఒక దినము విడువవలెను. పిదప ముందరి కప్పీ బోల్టుకు పానా తగిలించి చేతితో మెల్లగా త్రిప్పవలెను. తిరుగనిచో బలము ఉపయోగింపక మరల నూనె పోసి ఆగవలెను. కొన్ని దినముల ఓర్పు ఒక ఇంజను ఖరీదుకు సమానము.

చేతితో సుఖముగా తిరిగినచో ఈ క్రింది పనులు వరుసగా చేయవలెను. డీజిలు ట్యాంకు ఖాళీచేసి, అడుగున నిలిచిన నీటిని, జిగటను కడుగవలెను. పగిలిన రబ్బరు గొట్టములను మార్చవలెను. ఇంజను నూనెను, అన్ని ఫిల్టర్లను మార్చవలెను. గాలి ఫిల్టరు పెట్టెలో, రేడియేటరు రెక్కలలో ఎలుకలు గూడు కట్టినవేమో చూడవలెను. అవి కొరికిన వైర్లను విడివిడిగా పరీక్షింపవలెను. బ్యాటరీ నిండుగా చార్జీ అయి విశ్రాంతిగా ఉన్నపుడు దాదాపు 12.6 వోల్టులు చూపవలెను. ఎంత చార్జీ పెట్టినను 10.5 వద్ద నిలిచినచో ఒక గది చచ్చినదని తెలియవలెను.

తరువాత డీజిలు మూసి, గ్లో ప్లగ్గులు లేకుండగనే, రంధ్రములకు దూరముగా నిలిచి, స్టార్టరుతో కొద్దికొద్దిగా త్రిప్పించినచో నూనె అన్ని బేరింగులకు చేరును. సిలిండర్లలో నిలిచిన నూనె, నీరు బయటికి చిమ్మును. ప్లగ్గులు బిగించి, డీజిలు గొట్టములలోని గాలి తీసి, ప్లగ్గులు వేడెక్కనిచ్చి అప్పుడు తాళము త్రిప్పవలెను. ఈ జాతి ఇంజనులోనికి ఈథరు చల్లి లేపు అలవాటు ప్రమాదకరము. ఎర్రగా కాలిన గ్లో ప్లగ్గు తగిలి అది అకాలమున పేలి, ముషలకములను పగులగొట్టగలదు.

రోగనిర్ణయము

ఇంజను లేచినంత మాత్రమున యంత్రము లేచినట్లు కాదు. ఇంజను లేపుటకు ముందే చట్రమును గట్టి దిమ్మెలపై నిలిపి, నాలుగు చక్రములను నేలనుండి పైకెత్తి ఉంచవలెను. పాత హైడ్రాలిక్ నూనెను దించి, ఫిల్టరు మార్చి, తయారీదారు చేతిపుస్తకము చెప్పిన నూనెనే పోయవలెను. గొలుసుపెట్టెలోని నూనెను వేరుగా చూడవలెను. ఇంజనును నిదానమున నడిపి, నూనె గొట్టములను నింపనిచ్చి, ఆపై మీటలను కొద్దికొద్దిగా కదల్పవలెను.

ఇచట వైద్యునివలె ఆలోచింపవలెను. రెండు వైపులును బలహీనముగా ఉన్నచో దోషము రెండింటికి ఉమ్మడియైన చోట వెదుకవలెను. నూనె మట్టము, మూసుకొనిపోయిన ఫిల్టరు, రెండు పంపులకును నూనెనందించు చిన్న చార్జి పంపు, ఇంజనుకు పంపులకు నడుమనున్న బెల్టు లేక కప్లింగు ఇట్టివి. ఒక్కవైపే బలహీనమైనచో ఆ వైపు మీట కడ్డీలు, పంపు, మోటారు చూడవలెను. ఒకవైపున ఒక చక్రము తిరిగి రెండవది తిరుగనిచో నూనెను నిందింపరాదు. ఆ చక్రపు గొలుసో, ఇరుసో తెగినది. మీటలు వదలినను చక్రములు మెల్లగా తిరుగుచున్నచో పంపు పాడైనదని భయపడక, మీట కడ్డీల మధ్యస్థానమును సరిచేయవలెను. ఈ నాలుగు ప్రశ్నలు అడుగక పంపును విప్పువాడు చౌకైన దోషమునకు ఖరీదైన భాగమును మార్చును.

చక్రముల విషయమున మరియొక సూక్ష్మము కలదు. ఒకవైపు రెండు చక్రములు ఒకే మోటారుకు గొలుసులతో కట్టుబడియుండును. ఒకటి క్రొత్త టైరు, ఒకటి అరిగిన టైరు అయినచో వాటి చుట్టుకొలతలు వేరగును. ఒకే దూరమునకు రెండును సమానముగా తిరుగలేవు. ఆ పెనుగులాటలో గొలుసు తెగును.

బాహువుల సిలిండరు కడ్డీపై తుప్పు గుంటలు ఉన్నచో క్రొత్త సీలు వేసినను నిలువదు. ప్రతి కదలికలోను ఆ గుంట సీలును కొరుకును. కడ్డీని బాగుచేసిన తరువాతనే సీలు మార్చుట లాభము. కీళ్లన్నింటికి క్రొత్త గ్రీజు వెలుపలికి వచ్చువరకు గ్రీజు పట్టించి, పాత మురికిని తుడిచివేయవలెను.

పనిలోనికి

తొలిదినమున బరువు ఎత్తరాదు. చదునైన నేలపై కొంతసేపు నడిపి, ఆపి, కారుడు చూచి, నట్లు మరల బిగింపవలెను. ఖాళీగా ఉన్నపుడు ఈ యంత్రపు బరువులో ఎక్కువ భాగము వెనుక చక్రములపై, తొట్టి నిండినపుడు ముందు చక్రములపై పడును. అందుచే వాలుపై ఎప్పుడును బరువైన కొన ఎత్తువైపు ఉండవలెను. బరువును నేలకు దగ్గరగానే మోయవలెను. 743 నమూనాకు నిర్ణీత భారము 1,300 పౌనులు, అనగా దాదాపు 590 కిలోలు. ఇది యంత్రము ముందునకు దొర్లిపడు భారములో సగమునకు మించకుండ నిర్ణయింపబడును. మిగిలిన సగము మనకు దాచిపెట్టిన లాభము కాదు. అది డ్రైవరు ప్రాణమునకు రక్ష.

మన కర్మశాలలలో ఉస్తాదుల చేతిక్రింద నేర్చిన కుఱ్ఱవారికి ఈ పనులలో చాలభాగము చేతికి తెలియును. ఏ పని ముందు, ఏది వెనుక, ఎందులకు అన్నది పుస్తకవిద్య చెప్పవలసియున్నది. చేతికి తెలిసినది బుద్ధికిని, బుద్ధికి తెలిసినది చేతికిని అందినపుడే విద్య పూర్తియగును. మూలనపడిన యంత్రమునకు కావలసినది బలము కాదు, క్రమము. మొదట మనిషి భద్రత, పిదప శుభ్రత, పిదప పరీక్ష, చివరకు తాళము. ఈ వరుసను తప్పనివాడు పాత ఇనుముతోను కుటుంబమును పోషించుకొనగలడు. తాళముతో మొదలుపెట్టువాడు పొదుపును ఇనుపసామాను కొట్టుకు తూకమున అప్పగించును.